పంక్చరు షాపు నుంచి చికాగో దాకా

మేం చికాగో చూసొచ్చాం. మేం అంటే ఒక్కళ్ళమే. వెంట భార్యా లేదు, పిల్లలూ లేరు, స్నేహితులూ లేరు. భుజాన ఓ సంచీ, సంచీలో మాడుగుల హల్వా డబ్బా. అంతే. అయినా ‘నేను’ అని రాద్దామంటే కలం కదలడం లేదు. మమ్మల్ని ‘నేను’గా ఎవరు ఉండనిచ్చారు గనక? మీలో ఒకడు తప్పు చేస్తే ఆ తప్పు వాడొక్కడిదే. మాలో ఎవడో ఎక్కడో బాంబు పెడితే, వాడి మొహం మేం ఎన్నడూ చూసి ఎరగకపోయినా, సంజాయిషీ మేం చెప్పుకోవాలి. ఒక్కణ్ణి నిలబెట్టి అందర్నీ అడుగుతారు. అందుకే ‘మేం’ అనే రాస్తున్నాం.

2019లో పాత్రికేయులకు పెట్టిన ఓ శిక్షణ కోసం అమెరికా వెళ్ళాం. ఆ దేశంలో కాలుపెట్టిన మొదటి గంటలోనే మమ్మల్ని వరసలోంచి తీసి పక్కగదిలో కూర్చోబెట్టారు. మా పాస్‌పోర్టులో మొదటి మాట మహమ్మద్. దానికింద ఏముందో ఆ అధికారికి అక్కర్లేకపోయింది. పాకిస్తాన్ ఎప్పుడైనా వెళ్ళారా? రోజుకి ఎన్నిసార్లు నమాజు చేస్తారు? చేతిలో డబ్బా ఏమిటి? హల్వాని గుచ్చి చూశారు. ఊరు పేరు చెప్పమంటే కె.కోటపాడు అన్నాం. కె అంటే ఏమిటన్నాడు. ఇంకో కోటపాడుతో కలిసిపోకుండా ఊరికి పెట్టుకున్న ఇంటిపేరులాంటిదన్నాం. ఊరికైనా ఇంటిపేరుంది, మాకే లేకుండా పోయిందని అప్పుడు తట్టింది. ఏ మహమ్మదైనా ఆ గదిలో ఒక్కటే మహమ్మదు.

ఇందులో వింతేమీ లేదు. 2001 సెప్టెంబరు తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం 25 దేశాల మగవాళ్ళను, 16 ఏళ్ళు దాటినవాళ్ళను, వచ్చి వేలిముద్రలు వేసి పేర్లు రాయించుకోమంది. ఉత్తర కొరియాని తప్పిస్తే అవి దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. 2017 జనవరిలో కొన్ని ముస్లిం దేశాలవాళ్ళు రాకూడదన్నారు. మూడోసారి తిరగరాసిన ఆ నిషేధాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు సరేనంది. 2021లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. ఈ పట్టికల్లో వేటిలోనూ మన దేశం లేదు. అయినా మేం ఉన్నాం. మా పేరే మా దేశం.

చిత్రమేమంటే, పేరు లేకపోవడం కూడా మాకు బాగా తెలుసు. కె.కోటపాడులో అబ్బాకి సైకిలు షాపు. గాలి కొట్టడం, పంక్చర్లు వేయడం, చక్రం వంకర తీయడం. ఆ చుట్టుపక్కల మా ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే రైతులు ఆగి “సాయిబూ, ఓపాలి గాలి కొట్టీవా” అనేవారు. కసుర్లు లేవు, తిట్లు లేవు. పండక్కి అరిసెలొచ్చేవి, మా ఇంటినుంచి సేమ్యాలు వెళ్ళేవి. అబ్బా పోయిననాడు పక్క షాపాయన పూలదండ తెచ్చి, కళ్ళు తుడుచుకుని, మెల్లిగా మా చెవిలో అడిగాడు: “మీ నాన్నగారి పేరేటి బాబూ?” నలబై ఏళ్ళ స్నేహం ఆయనది. ప్రేమ లేక కాదు. అవసరం పడలేదు. లౌకికవాద మిత్రులు మతసామరస్యం అని రాసే ప్రతి వ్యాసంలోనూ ఈ సేమ్యాలూ అరిసెలూ ఉంటాయి. ఆ పేరు మాత్రం ఉండదు.

ఇప్పుడు ఆ పనే తిట్టయింది. దేశమంతటా ముస్లింని ‘పంక్చరువాలా’ అని వెక్కిరిస్తున్నారు. పంక్చరు వేస్తే తప్పేమిటో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

శిక్షణ అయిపోయాక నాలుగు రోజులు చికాగోలో తిరిగాం. అందరూ తలెత్తి చూసేది విల్లిస్ టవర్ని. 2009 దాకా దాని పేరు సియర్స్ టవర్. 110 అంతస్తులు, 1,450 అడుగులు. పాతికేళ్ళపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. అంత ఎత్తు గాలికి తట్టుకునేలా, గొట్టాలను కట్టగట్టినట్టుగా దాని నిర్మాణాన్ని ఊహించినవాడు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. 1929లో ఢాకాలో పుట్టినవాడు. వంద అంతస్తుల జాన్ హాంకాక్ భవనం నిర్మాణమూ ఆయనదే. 103వ అంతస్తు అద్దాలగదిలోంచి కిందికి చూస్తే సరస్సు సముద్రంలా కనబడింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక ముస్లిం లెక్కల మీద నిశ్చింతగా నిలబడ్డారు. ఆయన పేరు వాళ్ళకి తెలియదు.

ఇక్కడ మాకూ ఒక ప్రలోభం కలిగింది. చూశారా, మావాడే కట్టాడు అని రొమ్ము విరుచుకోవాలనిపించింది. వెంటనే మమ్మల్ని మేం కోప్పడ్డాం. బిస్మిల్లాఖాన్‌నీ, అబ్దుల్ కలాంనీ చూపించి బతకనివ్వండని బతిమాలుకోవడం ఎన్నాళ్ళు? షెహనాయి ఊదితేనో, రాకెట్టు ఎగరేస్తేనో ‘మంచి ముస్లిం’. మిగతావాళ్ళ సంగతేమిటి? ఖాన్ గారికెంత గౌరవముందో పంక్చరు వేసే సాయిబుకీ అంతే ఉండాలి. ప్రతిభ చూపించి తెచ్చుకునేది బహుమతి. హక్కు పుట్టుకతో ఉండాలి.

డెవన్ అవెన్యూ వెళ్ళాం. మనవాళ్ళ బజారు అది. హలీము వాసన, చీరల కొట్లు, హైదరాబాదీ బిర్యానీ బోర్డులు. ఒకే రోడ్డు. కొంతమేర దాని పేరు గాంధీ మార్గ్, కొంతమేర మహమ్మదలీ జిన్నా వే, ఇంకొంత షేక్ ముజీబ్ వే, మరోచోట గోల్డా మేయర్ పేరు. బోర్డులు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి కరుచుకోవడం లేదు. మాకు గుంటూరు జిన్నా టవర్ గుర్తొచ్చింది. మేం తిరిగొచ్చాక, 2022 ఫిబ్రవరిలో, గొడవలకి జడిసి ఆ టవర్‌కి మూడు రంగులూ పూశారు. పూస్తేగానీ దాన్ని నిలబడనిచ్చేలా లేరు. ఆ టవర్ కథే మా కథ. ఒంటినిండా రంగులు పూసుకుంటేగానీ మా దేశభక్తి ఎవరికీ ఆనదు.

అయితే డెవన్‌లో మా గుండె చల్లబడిందనుకునేరు. బిర్యానీ హోటలు పెద్దాయనకి సలాం చెప్పి ఉర్దూలో మాట కలిపాం. ఏ ఊరన్నాడు. విశాఖపట్నం అన్నాం. ఆయన నవ్వి, “అక్కడ కూడా ముసల్మానులున్నారా?” అన్నాడు. మా ఉర్దూలో తెలుగు యాస విని ఇంకా నవ్వాడు. ఓడరేవు దగ్గర కొండమీద ఇషాక్ మదనీ దర్గా ఉందనీ, పక్క కొండలమీద గుడీ చర్చీ ఉన్నాయనీ చెప్పాం. ఆయన వినలేదు. చార్మినార్ నీడ పడని చోట ఇస్లాం ఉంటుందని ఆయనకి నమ్మకం కుదర్లేదు.

మర్నాడు ఓ తెలుగు సంఘంవాళ్ళ సమావేశానికి పిలిస్తే వెళ్ళాం. మా పేరు వినగానే ఒకాయన కళ్ళు పెద్దవి చేసి, “మీరు ముస్లిమా? తెలుగు భలే మాట్లాడుతున్నారే!” అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. అయ్యా, తెలుగు మీ ఇంట్లో పుట్టి మా ఇంటికి అరువొచ్చిందా? మీ పొలం దస్తావేజు, మీ వకీలు, మీ రసీదు, మీ తహసీల్దారు, చివరికి మీ జిల్లా, ఇవన్నీ ఏ భాషలోంచి వచ్చాయి? మేం తెచ్చిన హల్వా నోట్లో వేసుకుని అందరూ “అచ్చమైన మన తెలుగు రుచి!” అన్నారు. హల్వా అన్నది అరబ్బీ మాట. మాట తెలుగయింది, రుచి తెలుగయింది. దాన్ని మోసుకొచ్చిన మనిషే ఇంకా కాలేదు.

ఆ సభలో వివేకానందుడి గురించి గొప్పగా మాట్లాడారు. మేమూ చప్పట్లు కొట్టాం. 1893 సెప్టెంబరు 11న ఆయన సర్వమత సభలో మాట్లాడిన భవనం ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఆ సభలోనే ఇస్లాం తరఫున మాట్లాడినవాడు అలెగ్జాండర్ రసెల్ వెబ్. ఇస్లాం తీసుకున్న అమెరికన్. అంతకు ముందేడాది మన హైదరాబాదూ మద్రాసూ వచ్చి ఉపన్యాసాలిచ్చి వెళ్ళినవాడు. ఆ పేరు మాకు చదువుకున్న ఏ పాఠంలోనూ ఎదురుపడలేదు. మతద్వేషం పోవాలని చెప్పిన ఆ ఉపన్యాసాన్ని పొగిడే నోళ్ళే, భోజనాల దగ్గర అమెరికా ముస్లింలని రానివ్వకపోవడం మంచిదే అన్నాయి.

ఒక్క విషయం అడుగుతాం, కోపం తెచ్చుకోకండి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో శ్రీనివాస్ కూచిభొట్లని ఎందుకు చంపారు? ‘నా దేశంలోంచి పో’ అని కాల్చినవాడు ఆయన్ని ఇరానీ అనుకున్నాడు. మాకు గురిపెట్టిన తూటా ఆయనకి తగిలింది. ఒక తెలుగు తల్లి కడుపుకోత అది. మేమూ ఏడ్చాం. ఆ తర్వాత బయట తెలుగు మాట్లాడొద్దని జాగ్రత్తలు చెప్పుకున్నారు. ‘మేం ముస్లింలం కాదు’ అని ఎలా తెలియజెప్పాలా అని కొందరు ఆలోచించారు. తుపాకీ పట్టినవాడు ఆధార్ కార్డు అడగడు మిత్రులారా! మేం వాళ్ళం కాము అని పక్కకి జరగడంలో ఎవరికీ రక్షణ లేదు. వాళ్ళనీ చంపకూడదు అనడంలోనే ఉంది.

అక్కడ మీరు మైనారిటీ. గుడి కట్టుకోవడానికి అనుమతులు అడుగుతారు, దీపావళికి సెలవు అడుగుతారు, రంగు చూసి ఇల్లివ్వకపోతే కోర్టుకెళ్తారు. అడగాలి, మేం మీ పక్కనే నిలబడతాం. మరి ఇక్కడ విశాఖలోనూ హైదరాబాదులోనూ మా పేరు విని ‘ఇప్పుడే వేరేవాళ్ళకిచ్చేశాం’ అని తలుపు మూస్తే ఆ న్యాయం ఏమైపోతుంది? విమానం ఎక్కితే గుర్తొచ్చి, దిగితే మరిచిపోయేదా న్యాయం?

మిషిగన్ సరస్సు ఒడ్డున, 29వ వీధి దగ్గర చాలాసేపు కూర్చున్నాం. 1919 జూలై 27న యూజీన్ విలియమ్స్ అనే నల్లజాతి కుర్రాడు తెప్ప మీద తేలుతూ తెల్లవాళ్ళ వైపు వెళ్ళాడు. నీళ్ళలో గీత ఉంటుందా? ఉంది, కళ్ళకి కనబడదంతే. రాళ్ళు రువ్వారు, మునిగిపోయాడు. ఆ తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది పోయారు, వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు. ఆ నీళ్ళలో మాకు కారంచేడు కనబడింది. 1985 జూలై 17. అదీ నీళ్ళ దగ్గర మొదలైందే. తాగేనీళ్ళ చెరువులో గేదెల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు ఆరుగురు మాదిగల ప్రాణాలు తీశారు. గీతలు గీసేవాళ్ళు దేశమేదైనా నీళ్ళని కూడా వదలరు.

చివరిరోజు దక్షిణ చికాగోలో నల్లవాళ్ళ మసీదుకి వెళ్ళాం. ఎలైజా ముహమ్మద్ ఉద్యమం పెరిగింది ఈ నగరంలోనే. బానిసల యజమానులు అంటించిన ఇంటిపేర్లని వాళ్ళు గీకిపారేశారు. దొంగిలించబడ్డ అసలు పేరుకి గుర్తుగా మాల్కం తన పేరు పక్కన ఎక్స్ పెట్టుకున్నాడు. 1964లో కాషియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యాడు. పేరు కోసం ఇంత పోరాటమా అని ఆశ్చర్యపోయేవాళ్ళు అబ్బా దహనం చూడలేదు. దహనం అన్నామా? చూశారా, మా చావుకి కూడా మీ మాటే నోటికొస్తుంది. దఫన్.

నమాజు అయ్యాక ఓ ముసలాయన, బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినాయన, పక్కన కూర్చున్నాడు. మీరెక్కడివాళ్ళనీ, పాకిస్తాన్ చూశారా అనీ అడగలేదు. “మీ దేశంలో ముస్లింలలో కూడా కులాలున్నాయట, నిజమేనా?” అన్నాడు.

లేవు అందామనుకున్నాం. ఇస్లాంలో లేవు అనే జవాబు నాలుక చివర తయారుగా ఉంటుంది మాకు. కానీ ‘సాయిబులు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా’ అనే సామెత చెప్పుకుని నవ్విందెవరు? దూదేకులవాళ్ళు తెలుగు మాట్లాడతారని పిల్లనివ్వనిదెవరు? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు సయ్యద్, పఠాన్, మొగల్ లాంటివాళ్ళని పక్కనపెట్టి వెనకబడినవాళ్ళ పేర్లు విడిగా రాయాల్సి వచ్చింది. లేని కులాలకి పట్టిక ఎలా వచ్చింది? ఉన్నాయన్నాం. ఆయన తలూపి, “మరి మీరేం చేస్తున్నారు?” అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ హోటలు పెద్దాయన నవ్వూ, మా సామెతా ఒకే గూటివి.

మేం తిరిగొచ్చాం. 2022 ఏప్రిల్‌లో మా ఊరు విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. ఒక్క రాత్రిలో మారింది. నీ విధేయత ఏ జిల్లాకని ఊరిని ఎవరూ అడగలేదు. మా తాతముత్తాతలు ఆ మట్టిలోనే ఉన్నారు, మమ్మల్ని మాత్రం రోజూ అడుగుతారు.

లౌకిక మిత్రులారా, సేమ్యాలు ఇక చాలు. మా పేర్లు తెలుసుకోండి. మా ఇళ్ళ తలుపులు కాదు, మీ ఇళ్ళ తలుపులు తెరవండి. అన్నలారా, తమ్ముళ్ళారా, ముస్లిం సోదరులారా, మాదిగవాడలో చావొస్తే మనమెక్కడున్నాం? దూదేకుల పిల్లతో సంబంధమొస్తే మన మొహమెలా పెడుతున్నాం? ఆ ముసలాయన అడిగిన ప్రశ్నకి జవాబు తయారు చేసుకోకుండా ఎదుటివాణ్ణి ప్రశ్నించే నోరు మనకి ఎక్కడిది?

అబ్బా షాపు ఇప్పుడు లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. కె.కోటపాడు వెళ్ళినప్పుడల్లా పక్క షాపాయన పలకరిస్తాడు. మొన్న వెళ్ళినప్పుడు మేమే కుర్చీ లాక్కుని కూర్చుని, అబ్బా పేరు ఆయనకి మళ్ళీ చెప్పాం. ఆయన రెండుసార్లు పలికాడు. మొదటిసారి తప్పు పలికాడు. రెండోసారి సరిగ్గానే అన్నాడు.