పాచికలు జూదానికేనా?

పాచికలు కనబడగానే పెద్దలు జూదమని కోప్పడతారు. అన్ని ఆటలకూ ఆ కోపం తగదని నా అభిప్రాయం.

1961లో అమెరికాలో హాల్ రిచ్‌మన్ 'స్ట్రాట్-ఓ-మ్యాటిక్' అనే బల్లమీది బేస్‌బాల్ ఆటను విడుదల చేశాడు. ఇందులో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. ఒక సీజనులో అతడు మైదానంలో సాధించిన ఫలితాలను బట్టి దాన్ని తయారుచేస్తారు. మూడు పాచికలు వేయాలి. ఒకదానిలో 1, 2, 3 పడితే బ్యాటరు కార్డు, 4, 5, 6 పడితే పిచరు కార్డు చూడాలి. నిలువు వరుసనూ ఆ అంకే చెబుతుంది. మిగిలిన రెండింటి మొత్తం ఆ వరుసలోని ఫలితాన్ని చూపుతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. రెండు పాచికలు 36 విధాలుగా పడవచ్చు. మొత్తం 7 రావడానికి 6 మార్గాలున్నాయి. 2 రావడానికి ఒక్కటే. కనుక హోమ్‌రన్‌ను 2 ఎదుట కాక 7 ఎదుట రాస్తే, దాని అవకాశం ఆరు రెట్లవుతుంది.

అయినా ఒక ఆటలో గొప్ప బ్యాటరు ఒక్క హిట్టూ కొట్టలేకపోవచ్చు. సీజనంతా ఆడితే ఫలితాలు సాధారణంగా అతని అసలు లెక్కల దరికి చేరతాయి. ఒక్క మ్యాచితో ఆటగాణ్ణి, ఒక్క పరీక్షతో విద్యార్థిని తూచరాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పందెం లేని ఇలాంటి ఆటకు గణితం తరగతిలో చోటివ్వాలి.

మీరూ రెండు పాచికలను ముందు 36 సార్లు, తర్వాత 360 సార్లు వేయండి. 7 పడినవి ఏ లెక్కలో ఆరోవంతుకు దగ్గరగా ఉన్నాయో చూడండి.