తెల్లబడితే సరా, ఎలా తెల్లబడిందో చూడొద్దూ?

పగడం తెల్లబడితే చాలు, ‘బ్లీచింగ్’ అనేస్తున్నారు. ఇంటి అక్వేరియంలో ఆ తొందరపాటే పగడాల ప్రాణం మీదికి తెస్తోందని నా అభిప్రాయం.

తెలుపు రెండు రకాలు. పగడం కణజాలంలో కాపురముండే సూక్ష్మ నాచు వెళ్లిపోతే, కణజాలం గాజులా మిగిలి లోపలి సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. అది బ్లీచింగ్. జీవి ఇంకా బతికే ఉంటుంది, పాలిప్‌లు చేతులు చాపుతూనే ఉండొచ్చు. రెండోది వేరు. అక్కడ కణజాలమే ఊడిపోతుంది. మిగిలేది వట్టి సున్నం, కొద్దిరోజుల్లో దానిమీద పాచి పడుతుంది. మొదటిదానికి వేడి, వెలుతురు ఎక్కువయ్యాయేమో చూసి, తగ్గించి, ఓపిక పట్టాలి. రెండోదానికి ఓపిక పడితే మిగిలేదేమీ ఉండదు.

అమెరికాలో ఉండే మా అన్నయ్య తన అక్రోపోరా ఫొటో పంపాడు. నీలి లైట్ల కింద తీసింది. ఆ వెలుగులో అన్నీ బార్ సైన్‌బోర్డుల్లా మెరుస్తాయి, రోగం ఏం కనిపిస్తుంది? “తెల్ల లైటు వేసి తియ్యి అన్నయ్యా” అన్నాను. కొమ్మల చివర్లు మాత్రమే కాలినట్టు తెల్లబడ్డాయి. ఆల్కలినిటీ ఎంతంటే 8 డీకేహెచ్ అన్నాడు. ఎప్పటిదంటే పోయిన నెలది! మళ్లీ కొలిస్తే 11. నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా. నీళ్లలో పోషకాలు లేనప్పుడు ఆల్కలినిటీ అలా ఎగబాకితే చివర్లు కాలడం మామూలే. డోసింగ్ పంపు ఎక్కువ పోస్తోంది, అంతే. ఈలోపు ఎవరో చెప్పారని పురుగుల మందు కొనేశాడు. పురుగే అయితే కొరికిన గాట్లు, కొమ్మల అడుగున గుడ్లు కనిపించాలి కదా. (గ్రాఫు ముందు గీసి రీడింగులు తర్వాత రాసే మహానుభావులు మన ల్యాబుల్లోనే ఉన్నారనుకోకండి.)

కొలిచే పరికరాన్నీ నమ్మేయకూడదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో కాదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోవాలి.

హాస్టల్ రూములో ఒకటి పెడదామనుకునేవాళ్లు ఆగండి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి పక్కనే.

“కొలుస్తూ కూర్చుంటే ఈలోపు చచ్చిపోదా?” అంటారు. ఒక్క సందర్భంలో నిజమే. కణజాలం గంటల్లో ఊడిపోతుంటే ముందు బాగున్న కొమ్మ విరిచి వేరుగా పెట్టాలి, టెస్ట్ కిట్ తర్వాత. మిగతా వాటికి ఆ పరీక్షలు పట్టేది పావుగంట.