కొత్త నర్సుకు మూడు నెలల తోడు

నర్సింగు పాసై, కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని ఉద్యోగంలో చేరిన కొత్త నర్సుకు మొదటి మూడు నెలలూ పక్కన ఒక సీనియరు సిస్టరు ఉండాలి. సర్కారు ఆసుపత్రి గాని, ప్రైవేటు నర్సింగ్ హోం గాని, పల్నాడులో ఈ ఏర్పాటును తప్పనిసరి చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

జి.ఎన్.ఎం. మూడేళ్ల చదువు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ల చదువు. చివరలో ఇంటర్న్‌షిప్పు కూడా ఉంది. అలాంటప్పుడు మళ్లీ శిక్షణ ఎందుకని కొందరు అడగవచ్చు. చదువుకొనే రోజులలో తప్పు చేయబోతే ఆపడానికి ట్యూటరు ఉంటుంది. పెద్దాసుపత్రిలో పిలిస్తే పలికే డాక్టరు ఉంటాడు, పక్క వార్డులో మరో సిస్టరు ఉంటుంది. మాచర్లలోనో, గురజాలలోనో చిన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పడితే డాక్టరు వచ్చేదాకా అన్నీ ఆమే చూసుకోవాలి.

పైగా ఇక్కడికి వచ్చే కేసుల తీరు వేరు. ఇది మిరప, పత్తి పండే నేల. పురుగుమందు చల్లుతూ ఒంటికి పట్టించుకున్నవారు, అప్పుల బాధతో తాగినవారు ఆసుపత్రికి వస్తారు. ఇలాంటి రోగికి అట్రోపిన్ ఎక్కించేటప్పుడు నాడి, ఊపిరి, కనుపాపలు విడవకుండా చూస్తుండాలి. మందు తక్కువైతే ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణం పోతుంది. ఎక్కువైతే ఒళ్లు కాలిపోయి సంధి మాటలు మొదలవుతాయి.

పాముకాటు కేసులో కొద్దిగా రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. అది గడ్డకట్టకపోతే రక్తపింజర వంటి పాము విషం ఎక్కిందని గుర్తు. కట్లపాము కరిస్తే గాటు కూడా కనిపించకపోవచ్చు. కనురెప్పలు వాలడం చూసి పసిగట్టాలి. విరుగుడు మందు కొందరికి పడదు గనుక, అడ్రినలిన్ చేతికి అందేచోట ఉండాలి. ఇక రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలిసిందే. వడదెబ్బ తగిలినవారి ఒళ్లు ఎంత త్వరగా చల్లబడితే అంత మేలు.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కాని చేయి తిరిగినవారి పక్కన నిలబడితేనే చేయి తిరుగుతుంది. దిగితే గాని లోతు తెలియదంటారు. నిజమే. అయితే ఇక్కడ దిగేది నర్సు, మునిగేది రోగి.

ఇది కొత్త కోరిక కాదు. చదువులో నేర్చినదానికీ వార్డులో ఎదురైనదానికీ పొంతన లేక కొత్త నర్సులు వృత్తినే వదిలిపోతున్నారని అమెరికాలో మార్లీన్ క్రామర్ 1974లోనే పుస్తకం రాసింది. మన దేశంలో 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద పల్లె ఉపకేంద్రాలకు తీసుకొన్న నర్సులకు 6 నెలల ప్రత్యేక కోర్సు పెట్టారు. తరువాత దానిని బి.ఎస్సీ. నర్సింగు పాఠాలలోనే కలిపారు. ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టే నర్సుకూ ఇదే న్యాయం వర్తించాలి.

ఉన్న సిస్టర్లే చాలకుండా ఉంటే కొత్తవారి పక్కన ఎవరిని నిలబెట్టేదని యాజమాన్యాలు అంటాయి. అది తోసివేయదగిన మాట కాదు. కాని కొత్త నర్సు భయపడి రెండు నెలలకే మానేస్తే మళ్లీ మరో కొత్త మనిషిని వెతుక్కోవలసిందే. మూడు నెలలు ఓర్చుకొంటే నిలబడే మనిషి దొరుకుతుంది.

మరో జాగ్రత్త కూడా అవసరం. శిక్షణ పేరుతో జీతం కోయడం, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం జరగరాదు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంపై ఏర్పడిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. నేర్చుకొనే నెలలలోనూ ఆమె పనిచేస్తూనే ఉంటుందన్నది మరువరాదు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. ప్రతిదానికీ గుంటూరు వైపు చూడవలసిన అగత్యం తీరింది. నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో నెలకొకసారి పురుగుమందు, పాముకాటు, వడదెబ్బ, కాన్పు కేసులపై తరగతి పెట్టి, ప్రైవేటు నర్సులనూ రానివ్వాలి. ప్రతి కొత్త నర్సుకూ ఒక పుస్తకం ఇచ్చి, నేర్చిన పని ఎదుట హెడ్ నర్సు సంతకం చేయాలి. ఆ పుస్తకం పూర్తయ్యేదాకా ఒంటరిగా రాత్రి డ్యూటీ వేయరాదు. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, పెద్ద బడ్జెట్టూ అక్కరలేదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఒక ఉత్తరువు జారీ చేసి, అది అమలవుతున్నదీ లేనిదీ చూస్తే చాలు.