అడిగి ఒప్పుకోండి, ఒప్పుకుంటే చివరిదాకా రండి



ఏటా నవంబరు 17న ప్రపంచమంతటా నెల తక్కువ పిల్లల దినం జరుపుతారు. ఆసుపత్రుల్లో ఊదారంగు బెలూన్లు కడతారు, గండం గడిచి ఇంటికి చేరిన పిల్లలను పిలిచి కేకు కోయిస్తారు. సంతోషించాల్సిందే. ఆ సంబరంలో మాటకు రాని ఒక పని గురించి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులకు, ఆ ఇళ్లలోని అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు ఈ మనవి. మీ బిడ్డ ఆసుపత్రిలో ఉండగా ఎవరైనా కాగితాలు పట్టుకొని వచ్చి, "మీ పాపను మా పరిశోధనలో చేర్చుకోవచ్చా అమ్మా?" అని అడిగితే భయపడి పొమ్మనకండి. అలాగని చూపించిన చోటల్లా సంతకం పెట్టేయకండి. అడగాల్సినవన్నీ అడిగి ఒక నిర్ణయానికి రండి. ఒప్పుకుంటే మాత్రం చివరిదాకా రండి.

"మా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారా?" అని మండిపడటం సహజం. బిడ్డ కిలోన్నర కూడా లేదు. బాక్సులో పెట్టారు. ముక్కులో గొట్టం, కాలికి తీగలు. తల్లి ఇంకా పచ్చి బాలింత. అలాంటి వేళ పరిశోధన అనే మాట వింటే ఒంటి మీద తేలు పాకినట్టే ఉంటుంది. కానీ ఒక సంగతి ఆలోచించండి. మంచిదో కాదో ఎవరూ తేల్చి చూడకుండా, అలవాటు కొద్దీ చేసే వైద్యం కూడా ప్రయోగమే. కాకపోతే దాని ఫలితం ఎవరూ రాసిపెట్టరు.

ఆక్సిజన్ సంగతే చూడండి. 1940లలో పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో నెల తక్కువ పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా పెట్టేవారు. ఊపిరాడక నీలం తిరిగే బిడ్డకు అది ఎంత పెడితే అంత మేలని అందరూ నమ్మారు. ఆ రోజుల్లోనే వేల మంది పిల్లలకు చూపు పోయింది. ఎందుకు పోతోందో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరు 1951లో, ఆక్సిజన్ ఎక్కువ పెట్టిన బిడ్డల్లోనే ఈ గుడ్డితనం ఎక్కువని లెక్కలు చూపించారు. ఆ అనుమానం తేల్చడానికి 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు చేతులు కలిపాయి. కొందరు పిల్లలకు ఎప్పటిలాగే, మరికొందరికి అవసరమైనంత మేరకే ఆక్సిజన్ ఇచ్చి చూశాయి. ధారాళంగా పెట్టిన ఆక్సిజనే కళ్లు తీస్తోందని తేలిపోయింది.

దాంతో డాక్టర్లు ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. కళ్లు దక్కాయి గానీ, ఊపిరి చాలక పోయే ప్రాణాలు పెరిగాయి. మరి ఎంత ఇవ్వాలి? దీనికి గట్టి జవాబు దొరకడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 2000 తర్వాత అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా తదితర దేశాల్లో 28 వారాలు నిండకుండా పుట్టిన దాదాపు 5,000 మంది పిల్లలతో అయిదు అధ్యయనాలు జరిగాయి. రక్తంలో ఆక్సిజన్ 85-89 శాతం మధ్య ఉంచితే మరణాలు ఎక్కువయ్యాయి. 91-95 మధ్య ఉంచితే ఎక్కువ మంది బతికారు, కంటి జబ్బు మాత్రం కొంత పెరిగింది. ఇవాళ మన జిల్లా ఆసుపత్రిలో పసికందుల ప్రత్యేక వార్డు అయిన ఎస్‌ఎన్‌సీయూలో నర్సమ్మ మానిటర్ మీది అంకె చూసి ఆక్సిజన్ ఎక్కించడమో తగ్గించడమో చేస్తున్నదంటే, ఆ అంకె అలా వచ్చిందే. ముఖం కూడా తెలియని వేల మంది తల్లిదండ్రులు అప్పుడు సరేనన్నారు.

ఆ అయిదింటిలో అమెరికాలో జరిగినదాన్ని 2013లో అక్కడి ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం తప్పుపట్టింది. చూపుకు, ప్రాణానికి ఉన్న ముప్పు ఎంతో అంగీకార పత్రాల్లో తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదన్నది ఆక్షేపణ. అది సబబా కాదా అని డాక్టర్ల మధ్యే పెద్ద వాదన నడిచింది. పరిశోధన ఎంత అవసరమైనదైనా, ఆ కాగితంలో ఏముందో అడిగే హక్కు మనకు ఉండాల్సిందేనని ఇది గుర్తుచేస్తుంది.

"ఆ దేశాల వాళ్లు తేలుస్తారు, మన డాక్టర్లు అది చూసి చేస్తారు, మధ్యలో మా బిడ్డ ఎందుకు?" అని అడగొచ్చు. అన్నీ అలా కుదరవు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడతాయని 1972లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి లిగ్గిన్స్, హోవీ అనే వైద్యులు చూపించారు. అదే మందును మన దేశంతో సహా ఆరు దేశాల్లో ఊళ్ల స్థాయిలో విరివిగా వాడి చూసిన అధ్యయనం 2015లో వెలువడింది. చాలా చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. అందరినీ కలిపి చూస్తే నెలలోపు మరణాలు, తల్లులకు ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి కూడా. ఆ తర్వాత భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో మరో అధ్యయనం చేశారు. ఈసారి ఆసుపత్రుల్లోనే, స్కానింగుతో వారాలు సరిగా లెక్కగట్టి, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి ఉన్నచోట మాత్రమే మందు ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. మందు ఇవ్వని తల్లుల బిడ్డల్లో నెలలోపు నూటికి 23.5 మంది పోతే, ఇచ్చిన తల్లుల బిడ్డల్లో 19.6 మంది పోయారు. మందు మారలేదు. ఎక్కడ, ఎవరికి, ఎలా ఇచ్చారన్నది మారింది. 2020లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ప్రపంచంలో కోటీ 34 లక్షల మంది అని అంచనా, అందులో 30 లక్షలు మన దేశంలోనే. మన పిల్లలకు ఏది పనికొస్తుందో మన వార్డుల్లోనే తేలాలి.

పేద ఆసుపత్రులు ప్రపంచానికి నేర్పినవీ ఉన్నాయి. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో బాక్సులు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టించారు. కంగారూ కేర్ అలా మొదలైంది. బిడ్డ పరిస్థితి నిలకడగా ఉంటేనే అలా కట్టాలని చాలాకాలం అనుకున్నారు. పుట్టిన వెంటనే మొదలుపెడితే ఏమవుతుందో చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోనూ ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోనూ 3,200 మందికి పైగా పిల్లలతో అధ్యయనం చేయించింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. మామూలు పద్ధతిలో నూటికి 15.7గా ఉన్న మరణాలు, వెంటనే కట్టిన పిల్లల్లో 12కు తగ్గాయి. మేలు స్పష్టంగా కనబడటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టరు దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి, పసికందుల మరణాలను సగానికి పైగా తగ్గించారు. 1999లో వచ్చిన ఆ ఫలితం వల్లే ఇవాళ మీ ఊరి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు మీ గడప తొక్కుతోంది.

ఇక మీతో చెప్పుకోవలసినవి.

కాగితం తెలుగులో ఇమ్మనండి. చదవలేకపోతే చదివి వినిపించమనండి. ఇందులో చేరితే మా బిడ్డకు అదనంగా ఏం చేస్తారు? చేరకపోతే మామూలుగా చేసే వైద్యం ఏమిటి? ఎవరికి ఏ వైద్యమో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారా? ముప్పు ఏమిటి? హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు? ఇవి అడగండి. పరిశోధనను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఆ కాగితంలో ఉండాలి. మందులు, వైద్యాలను పరీక్షించే అధ్యయనాలు మన దేశంలో ప్రభుత్వ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో ముందే నమోదు కావాలి, ఆ నంబరు అడగండి. వద్దనే హక్కు మీది. చేరాక మధ్యలో మానుకునే హక్కూ మీదే. మానుకున్నంత మాత్రాన బిడ్డకు అందాల్సిన వైద్యం ఆగకూడదు. తల్లి నోరు తెరవకముందే బంధువులు సంతకం పెట్టడం మాత్రం మానండి.

ఒప్పుకున్నాక తిరిగి వెళ్లడం అంతకన్నా ముఖ్యం. మన దగ్గర పురుడు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో వచ్చేసరికి బిడ్డ అత్తింటికి పోతుంది. ఊరు మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది, డాక్టర్లు ఎవరిని వెతకాలో తెలియదు. బాగున్న పిల్లలే రాలేదా, బాగాలేని పిల్లలే రాలేదా తెలియక ఏళ్ల శ్రమ చెడిపోతుంది. రెండిళ్ల చిరునామాలూ, రెండు వైపులా ఒక్కొక్కరి నంబరూ ఇవ్వండి. ఆక్లండ్ అధ్యయనంలో పుట్టిన పిల్లల్లో కొన్ని వందల మంది ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి పరీక్షలు చేయించుకున్నారు. యాభై ఏళ్లప్పుడూ వచ్చారు. పుట్టకముందు తల్లికిచ్చిన ఇంజెక్షన్ వాళ్ల గుండెకు చేటు చేయలేదని మనకు తెలిసింది అందుకే.

ఏ పరిశోధనలో లేకపోయినా తప్పకూడని పరీక్ష ఒకటుంది. 34 వారాలు నిండకుండా గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరక్కముందే రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు రెండు మూడు వారాలకే. బిడ్డ చూడటానికి బాగానే ఉంటుంది, కళ్లు తెరుస్తుంది, పైన చెప్పిన కంటి జబ్బు మాత్రం లోపల ముదురుతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ముప్పయ్యో రోజు దాటనివ్వొద్దని ఏళ్ల తరబడి చెబుతున్నారు. పెద్దలారా, మైల అనో, పసిగుడ్డుకు గాలి తగులుతుందనో ఈ ఒక్క ప్రయాణం ఆపకండి. ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు అన్న మాట కూడా ఇక వదిలేయండి. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. నిరుడు పుట్టిన పక్కింటి పిల్లతో పోల్చేముందు, ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు వయసులోంచి తీసేసి లెక్కపెట్టండి.

డాక్టర్లకూ ఒక మాట. ఆ తల్లి ప్రశ్న వేస్తే విసుక్కోకండి. రమ్మన్న రోజుకు బస్సు చార్జీలు ఇవ్వండి, కూలి పోయిందని గుర్తుంచుకోండి. ఫలితం పత్రికలో అచ్చయ్యాక, పిల్లల్ని పరిశోధనలో చేర్చిన ఇళ్లకు తెలుగులో ఒక ఉత్తరం రాయండి. మొదట తెలియవలసింది వాళ్లకే.

ఈ రోజు ఏదైనా ఎస్‌ఎన్‌సీయూ ముందు కూర్చుని ఇది చదువుతున్నవారు ఉంటే, డిశ్చార్జి కార్డు చేతికి వచ్చినప్పుడు దాని మీద మూడు విషయాలు రాయించుకోండి: కంటి పరీక్ష తేదీ, మళ్లీ చూపించాల్సిన తేదీ, ఏదైనా అయితే ఫోన్ చేయాల్సిన నంబరు. అవి రాసివ్వకుండా ఆసుపత్రి గేటు దాటకండి.