తగ్గిన ఖర్చు ఎవరి నెత్తిన?

మొన్న పత్తి ఏరే రోజుల్లో పని మీద బిజినేపల్లి వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో నాగర్‌కర్నూలు బస్సు కోసం చూస్తుంటే పక్కన ఒక అవ్వ వచ్చి కూర్చుంది. ఒళ్ళో రెండేళ్ళ మనవరాలు, మూడు రోజులుగా జ్వరం. కొడుకూ కోడలూ హైదరాబాదులో బిల్డింగు పనికి పోయారట. పిల్లను పెద్దాసుపత్రిలో చూపించాలని బయలుదేరింది. ఛార్జీలకు డబ్బులున్నాయా అని అడగబోయి ఆగాను. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ టిక్కెట్టు లేదు కదా. నా మనసులో మాట కనిపెట్టినట్టు ఆమే అంది: "బస్సు ఫిరీనే బిడ్డా. కూలి వాయె గద."

ఊళ్ళో నర్సమ్మ లేదా అంటే, "ఉంటది. మూడూర్లకు ఒక్కతే. ఎప్పుడు ఏ ఊర్ల ఉంటదో" అంది.

ఆరోగ్యం మీద, స్త్రీ శిశు సంక్షేమం మీద ప్రభుత్వాలు పెట్టే ఖర్చును లెక్క తీయడం నా పరిశోధనలో ఒక భాగం. ఏటా బడ్జెట్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటాను. ఆ పట్టికల్లో ఈ అవ్వ పోగొట్టుకున్న ఒకరోజు కూలికి గడి లేదు. ఎన్ని లక్షల మంది అవ్వలు, తల్లులు, బడి మానిన అక్కలు ఇలా తమ రోజును ధారపోస్తే ఆ పట్టికలో "పొదుపు" కనిపిస్తుందో చెప్పే గడి అసలే లేదు.

ముందు అంకెలు చూద్దాం. తెలంగాణ 2023-24 బడ్జెట్లో వైద్య ఆరోగ్యానికి 12,161 కోట్లు చూపారు. ప్రభుత్వం మారిన తర్వాత, 2024-25లో అది 11,468 కోట్లయింది. పాతవాళ్ళు అంకెలు పెంచి రాశారు, మేం వాస్తవం రాశాం అన్నది కొత్త పాలకుల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ వాస్తవమే తక్కువైతే దానికి సంతోషించమంటారా? 2025-26లో 12,393 కోట్లు రాశారు. రెండేళ్ళలో మందుల ధరలు, జీతాలు, జనం పెరిగాక, పాత అంకె కంటే పెరిగింది 232 కోట్లు. మొత్తం 3,04,965 కోట్ల బడ్జెట్లో ఆరోగ్యానికి దక్కింది నాలుగు శాతం పైచిలుకు. రాష్ట్రాలు 2020 నాటికే తమ బడ్జెట్లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాని దరిదాపులకు పోలేదు.

అయితే బడ్జెట్ ప్రసంగాల్లో "కోత" అనే మాట ఎప్పుడూ వినపడదు. కోత రకరకాల వేషాల్లో వస్తుంది. ఒక వేషం నిష్పత్తి మార్పు. 2015లో కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచామని చెప్పి, అదే చేత్తో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ కేటాయింపును సుమారు 18 వేల కోట్ల నుంచి 8 వేల కోట్ల పైచిలుకుకు దించారు. అప్పటి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రి మేనకా గాంధీయే దాన్ని బాహాటంగా తప్పుపట్టారు. తర్వాత సవరించి కొంత పెంచారనుకోండి. కానీ పౌష్టికాహారం మినహా మిగిలిన ఖర్చులో కేంద్రం మోసిన 90 వంతులు 60 అయ్యాయి. మిగతాది రాష్ట్రం చూసుకోవాలి. రాష్ట్రం చూసుకోకపోతే?

దానికి జవాబు బిజినేపల్లి మండలంలోనే ఒక ఊళ్ళో దొరికింది. అక్కడి అంగన్‌వాడీ టీచరు నా ముందు ఒక నోటుబుక్కు పెట్టింది. కిరాణా దుకాణంలో ఆమె పేర ఉన్న ఉద్దెర ఖాతా అది. పోపు గింజలు, కూరగాయలు, ఒక నెల గ్యాస్ బండ. "బిల్లొచ్చినంక కడ్త మేడం. పిల్లలకు బిల్లొచ్చినంక తినుండ్రి అంటమా?" అని నవ్వింది. తన గౌరవ వేతనంలోంచి ప్రభుత్వానికి అప్పు ఇస్తున్న మనిషి ఆమె. ప్రపంచ బ్యాంకు కంటే మంచి షరతుల మీద. అసలు వడ్డీయే లేదు.

రెండో వేషం కదలని అంకె. దీన్ని కోత అని ఎవరూ అనరు, అందుకే ఇది మరీ ప్రమాదం. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు బిడ్డకు అనుబంధ పౌష్టికాహారం కింద రోజుకు 8 రూపాయలు, గర్భిణికీ బాలింతకూ 9 రూపాయల 50 పైసలు అని కేంద్రం 2017లో నిర్ణయించింది. ఆ తర్వాత పప్పు ధర పెరిగింది, నూనె ధర పెరిగింది, గుడ్డు ఒక్కటే ఆరేడు రూపాయలయింది. ఈ రేటు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే నిలబడింది. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద తెలంగాణ తన సొమ్ము కలుపుకుంది కాబట్టి తల్లులకు ఒక పూట అన్నం, గుడ్డు, పాలు అందుతున్నాయి. ఆ మంచిని మంచి అనే ఒప్పుకుందాం. టీచర్లకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరులో 4,500 అయి, అదీ అలాగే ఏళ్ళు గడిపింది.

"గౌరవ వేతనం" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. జీతం అంటే సెలవు, పెన్షను, గ్రాట్యుటీ అడుగుతారు. గౌరవమంటే అడగరాదు. పిల్లల్ని చూసుకోవడం, వండిపెట్టడం, గర్భిణి ఇంటికి వెళ్ళి పలకరించడం ఆడవాళ్ళు ఎలాగూ చేసేవే, దానికి జీతమేమిటన్న ఇంటి న్యాయమే ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి నడిచి వచ్చింది. అంగన్‌వాడీ ఉద్యోగులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక కూడా, కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం 2023 సెప్టెంబరులో మన రాష్ట్రంలో వాళ్ళు సమ్మె చేయాల్సి వచ్చింది. అంతకు ముందు 2015లో ఆశా కార్యకర్తలు నూరు రోజులకు పైగా రోడ్డు మీద ఉన్నారు.

మూడో వేషానికి మన పాలమూరుతో ప్రత్యేక బంధం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషను అయి బతికి బట్టకట్టిన వాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. నేను దాన్ని చులకన చేయను. 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలయింది కూడా. కానీ కార్డు పనిచేసేది జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాక. అప్పటిదాకా తెల్లబట్టకీ, నడుము నొప్పికీ, రక్తహీనతకీ దగ్గర్లో చూసే మనిషి లేకపోతే ఏమవుతుంది? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఆ తర్వాతి సర్వేలో తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్ర కొనడానికి లేని డబ్బు అవయవం కోయడానికి ఎలా దొరుకుతుందో ఆర్థికవేత్తలే చెప్పాలి.

నాగర్‌కర్నూలులోనూ వనపర్తిలోనూ 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చాలా మంచిది. అవ్వ ఎక్కబోయే బస్సు అటే పోతుంది. అయితే కళాశాలకు శిలాఫలకం ఉంటుంది. మూడూళ్ళ మధ్య తిరిగే నర్సమ్మకు తోడుగా రావలసిన రెండో నర్సమ్మకు ఉండదు. ఖాళీగా ఉన్న పోస్టు కూడా పొదుపే. పైగా ఎవరూ ప్రారంభించనక్కరలేదు, ఎవరూ మూసేయనక్కరలేదు.

1996లో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. మా ఇంట్లో ఎవరి కంచంలోనూ అన్నం తగ్గినట్టు నాకు గుర్తులేదు. చాలా ఏళ్ళ తర్వాత, పిహెచ్‌డి కోసం ఇళ్ళల్లో తిండి పంపకాల గురించి ప్రశ్నలు రాసుకుంటున్నప్పుడు, అమ్మ ఆఖర్న ఎప్పుడు తినేదో, ఏం తినేదో నేనెప్పుడూ చూడలేదని తట్టింది. బడ్జెట్ లోటును ఎవరు పూడుస్తారన్న ప్రశ్న నాకు అక్కడి నుంచే మొదలైంది.

కాబట్టి మన సంఘాలు అడగవలసింది కొత్త పథకం, కొత్త పేరు కాదు. ఎనిమిది రూపాయల రేటును ధరల సూచికతో ముడిపెట్టమనాలి. అంగన్‌వాడీ, ఆశా పనిని పని అనీ, ఇచ్చేదాన్ని జీతం అనీ రాయించాలి. ప్రతి ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అని రాయించాలి. ఇక బడ్జెట్లో కేటాయించింది ఒకటి, సవరించింది ఇంకొకటి, నిజంగా ఖర్చు చేసింది మరొకటి. ఈ మూడో అంకె రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి పత్రికలు దాన్ని పట్టించుకోవు. మనం పట్టించుకోవాలి.

వచ్చే సంచికలో ఈ లెక్కకు కొన్ని పేజీలు పెడుతున్నాం. మీ ఊరి అంగన్‌వాడీలో కూరగాయల బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో, ఈలోగా దుకాణంలో ఉద్దెర ఎవరి పేర ఉందో, జ్వరమొచ్చిన పిల్ల కోసం ఇంట్లో ఎవరు కూలి మానుకున్నారో రాసి పంపండి. టీచర్ల పేర్లు, ఊళ్ళ పేర్లు రాయనక్కరలేదు, వాళ్ళకు మెమోలు రాకూడదు. నెలలు, రూపాయలు మాత్రం సరిగ్గా రాయండి.