డబ్బా తిప్పి చూడండి

డిసెంబరు వస్తే ఖరగ్‌పూర్‌లో సాయంత్రం 5 దాటగానే చీకటి పడిపోతుంది. మైదానం నుంచి క్వార్టర్‌కు వచ్చేసరికి చేతివేళ్ళు చల్లబడి ఉంటాయి. అప్పుడు వంటింట్లోంచి వినిపించే పిలుపు అన్ని ఇళ్ళలోనూ ఒకటే: "పాలు కలిపాను, చల్లారకముందే తాగండి." ఆ పాలలో కలిపే గోధుమరంగు పొడి గురించే ఈ వ్యాసం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వేడి వేడి చాక్లెట్ పాలంటే మాకు చాలా ఇష్టం. మానేయమని ఎవరికీ చెప్పం. కానీ అవి మిఠాయి లాంటివి. మిఠాయిని మిఠాయిలాగే తినాలి. దాన్ని బలమనీ, టిఫిననీ అనుకోకూడదు. బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనలాంటి ఇళ్ళలో ఈ పొరపాటు ఇంకా ఎక్కువగా జరుగుతుంది. మా ఇంట్లో జరిగింది కాబట్టే చెబుతున్నాం.

మేము ముగ్గురం. ఇద్దరు అక్కాచెల్లెళ్ళం 10, 8 తరగతుల్లో ఉన్నాం. తమ్ముడు 3వ తరగతి. అమ్మానాన్నలది పలాస వైపు. నాన్నగారు రైల్వే ఉద్యోగి. ఆద్రా, చక్రధర్‌పూర్ అయ్యాక ఇప్పుడు ఖరగ్‌పూర్. ఊరు మారినప్పుడల్లా మంచాలు, బీరువాలు లారీలో వస్తాయి. పాలపొడి డబ్బాలు మాత్రం అమ్మ చేతిసంచిలో మాతోపాటు రైల్లో వస్తాయి. ఎందుకో మీలో చాలామందికి తెలుసు. కొత్త క్వార్టర్‌లో మొదటి వారం గ్యాస్ కనెక్షన్ ఉండదు, గిన్నెలు అట్టపెట్టెల్లోంచి బయటకు రావు. పక్కింటివాళ్ళ దగ్గర కాచిన పాలలో రెండు చెంచాల పొడి కలిపి బిస్కెట్లు ఇస్తే ఆ పూటకు భోజనం అయిపోయినట్టే. మొదటి వారం అలా గడిస్తే తప్పేమీ లేదు. మా తమ్ముడికి మాత్రం ఆ వారం రెండేళ్ళు సాగింది.

ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో వాడికి ఇక్కడ స్నేహితులు లేరు, బెంగాలీ రాదు. పొద్దున్న ఏం పెట్టినా తినేవాడు కాదు. చాక్లెట్ పాలు ఒక్కటే తాగేవాడు. "పోనీలే, అదైనా కడుపులో పడుతోంది" అని అమ్మ సరిపెట్టుకునేది. ఒకసారి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు బరువు చూసి "పొద్దున్న ఏం తింటాడమ్మా?" అని అడిగారు. అమ్మ డబ్బా పేరు చెప్పింది. "అది కాదు, తినేది ఏమిటి?" అని ఆయన మళ్ళీ అడిగారు. అమ్మ దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చే దారంతా అమ్మ మాట్లాడలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో మూడు డబ్బాలు ఉండేవి. మాలో ఇద్దరివి రెండు వేర్వేరు కంపెనీల మాల్టు పొడులు. తమ్ముడిది డ్రింకింగ్ చాక్లెట్. నాది మంచిదంటే నాది మంచిదని నాలుగేళ్ళుగా పోట్లాట. ఒకరి డబ్బా అయిపోయినా ఇంకొకరి డబ్బా ముట్టుకునేవాళ్ళం కాదు. డాక్టరుగారి ప్రశ్న తర్వాత నాన్నగారు అన్నారు: "ఇంత పోట్లాట ఎందుకు? కళ్ళు మూసుకుని తాగి చెప్పండి, ఏది ఎవరిదో." అలా మొదలైంది మా పరీక్ష.

నాన్నగారికి రెస్ట్ ఉన్న ఆదివారం చూసుకున్నాం. గోల్‌బజార్ నుంచి తీపి కలపని కోకో పౌడర్ కూడా ఒక చిన్న ప్యాకెట్ తెచ్చి నాలుగోదిగా చేర్చాం. కేకులు చేసే పక్కింటి ఆంటీ దగ్గర గ్రాముల తూకం అడిగి తెచ్చాం. ఒకే గిన్నెలో కాచిన పాలు ఒక్కో గ్లాసుకు 150 మిల్లీలీటర్లు. మూడు డబ్బాల పొడులు 15 గ్రాముల చొప్పున వేశాం. కోకో మాత్రం 5 గ్రాములు, దానికి తోడు 6 గ్రాముల బెల్లం. అన్నీ ఒకేలాంటి స్టీలు గ్లాసులు. వాటికి మన చుట్టుపక్కల స్టేషన్ల పేర్లు పెట్టాం: హిజ్లీ, జక్‌పూర్, గోకుల్‌పూర్, గిరి మైదాన్. వంటింట్లో కలిపింది నాన్నగారు. ఏ స్టేషన్‌లో ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. రుచి చూసింది మేము ముగ్గురం, అమ్మ, పక్క క్వార్టర్లలోని ఒక బెంగాలీ అబ్బాయి, ఒక ఒడియా అమ్మాయి. ఒక గ్లాసుకూ ఇంకో గ్లాసుకూ మధ్య నీళ్ళతో నోరు పుక్కిలించి, ఇక్కడివాళ్ళు ముడి అనే మరమరాలు నాలుగు నమిలాం.

మొదటిసారి పరీక్ష చెడిపోయింది. నాలుగో గ్లాసు చేతికి వచ్చేసరికి చల్లారిపోయింది. వేడిగా ఉన్నదానికీ చల్లారినదానికీ రుచి ఒకటి కాదు. రెండోసారి నాలుగూ ఒకేసారి కలిపి, ఒకేసారి తెచ్చారు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాం. మాల్టు పొడి పాలలో సులువుగా కలుస్తుంది. ఉత్త కోకో అలా కాదు, ఉండలు కట్టి పైన తేలుతుంది. ముందు రెండు చెంచాల వేడి పాలతో ముద్దగా నూరి, తర్వాత మిగతా పాలు పోయాలి. అయినా కాసేపటికి అడుగున పేరుకుంటుంది. తాగుతూ తాగుతూ చెంచాతో తిప్పుకోవాలి.

ఇక ఫలితాలు. మాల్టు తాగే మా ఇద్దరిలో ఒకరు రెండోవారి డబ్బాను తనదన్నారు. రెండోవారు మొదటివారి డబ్బాను తనదన్నారు! నాలుగేళ్ళు పోట్లాడుకున్నది డబ్బా మీది బొమ్మ కోసమే తప్ప రుచి కోసం కాదన్నమాట. అమ్మ ఒక్క గుటక కూడా వేయకుండా వాసన చూసి నాలుగూ సరిగ్గా చెప్పింది. రోజూ కలిపే చెయ్యి కదా! తమ్ముడు కూడా తనది సరిగ్గా గుర్తుపట్టాడు. ఎలా అని అడిగితే "అన్నిటికంటే తియ్యగా ఉంది" అన్నాడు. బెల్లం కోకో బెంగాలీ అబ్బాయికీ అమ్మకూ అన్నిటికంటే నచ్చింది. మా ఇద్దరికీ ఫరవాలేదనిపించింది. తమ్ముడు మాత్రం "చేదు" అని గ్లాసు పక్కకు తోసేశాడు. అందరూ దాన్నే మెచ్చుకున్నారని రాస్తే వ్యాసానికి బాగుంటుంది కానీ అబద్ధం అవుతుంది.

తర్వాత డబ్బాలు వెనక్కి తిప్పాం. మన దేశంలో లేబుల్ మీద పదార్థాల పేర్లు బరువు ప్రకారం రాయాలి. ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది చివర. తమ్ముడి డబ్బాలో మొదటి పేరు చక్కెర. 100 గ్రాముల పొడిలో 70 గ్రాముల దాకా చక్కెరే. మా మాల్టు డబ్బాల్లో చేర్చిన చక్కెర 30 గ్రాములకు పైన ఉంది. కోకో పౌడర్‌లో చేర్చిన చక్కెర లేదు. ముందు వైపు పరుగెత్తే పిల్లలు, కండలు, మెరుపులు. వెనుక వైపు చిన్న అక్షరాల్లో ఈ లెక్క.

అసలు ఆశ్చర్యం చెంచా దగ్గర ఎదురైంది. తమ్ముడు రోజూ వేసుకునేట్టే మూడు చెంచాలు వేసుకొమ్మని, ఆ పొడిని తూచాం. 36 గ్రాములు! వాడు చెంచా గోపురంలా నింపుతాడు. అంటే ఒక్క గ్లాసులో దాదాపు 25 గ్రాముల చక్కెర. పెద్దవాళ్ళకు రోజుకు 2000 కేలరీల లెక్కన, చేర్చిన చక్కెర 50 గ్రాములు దాటకూడదనీ, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మా తమ్ముడు రోజుకు రెండు గ్లాసులు తాగేవాడు. పెద్దవాళ్ళ హద్దు మొత్తం రెండు గ్లాసుల్లోనే అయిపోయింది. ఇక మధ్యాహ్నం ఉప్మా రుచించలేదంటే ఆశ్చర్యం ఏముంది?

"పొడిలో విటమిన్లు, ఇనుము కలుపుతారు కదా? అది లేకపోతే పిల్లలు పాలే తాగరు కదా?" అని పెద్దలు అడుగుతారు. రెండూ నిజమే. విటమిన్లు ఉన్న సంగతి లేబుల్ మీదే ఉంది. పాలలోని మాంసకృత్తులు, కాల్షియం ఎలాగూ మంచివే. కానీ విటమిన్ల కోసం అంత చక్కెర తాగాలా అన్నదే మా ప్రశ్న. ప్రభుత్వం కూడా ఈ విషయం పట్టించుకుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే మాటకు నిర్వచనమే లేదు. అందుకని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింక్స్ జాబితాలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. 2025లో సీబీఎస్ఈ తన పాఠశాలలన్నీ షుగర్ బోర్డులు పెట్టాలని చెప్పింది.

డబ్బా మీద మనకు అంత ప్రేమ ఎందుకో కూడా ఆలోచించాం. ఈ పానీయాలు కూడా మనలాగే బదిలీ మీద వచ్చినవే. హార్లిక్స్‌ను మొదలుపెట్టింది ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్ళిన ఇద్దరు అన్నదమ్ములు, 1873లో. బోర్న్‌విటా పేరు ఇంగ్లండులోని బోర్న్‌విల్ అనే ఊరి నుంచి వచ్చింది. కోకో చెట్టుది అమెరికా ఖండం. ఇప్పుడు అది మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన కాస్తోంది. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఊరు మారినా, బడి మారినా, భాష మారినా డబ్బా మీద బొమ్మ మారదు. కొత్త ఊళ్ళో తెలిసిన ముఖం అదొక్కటే. తమ్ముడు వదలనిది ఆ తెలిసిన ముఖాన్నే అని మాకు ఇప్పుడు అనిపిస్తోంది. దానికి వాడిని తిట్టి లాభం లేదు.

ప్రేమ వేరు, కొలత వేరు. ఖరగ్‌పూర్‌లో ఉన్న మనకు ఈ సంగతి బాగా తెలియాలి. 1072 మీటర్ల మన ప్లాట్‌ఫాం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది. 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి గోరఖ్‌పూర్‌ను కూడా దాటేసింది. మన ప్లాట్‌ఫాం మీద మనకు ప్రేమ తగ్గలేదు. కానీ పొడవెంతని ఎవరైనా అడిగితే టేపు చెప్పిందే చెప్పాలి.

మా ఇంట్లో ఏం మారిందంటే, డబ్బాలను పారేయలేదు. మొదట తమ్ముడి మూడు చెంచాలను చదునుగా కొట్టి వేశాం. వాడు గమనించలేదు. రెండు వారాల తర్వాత రెండు చెంచాలు చేశాం. గమనించాడు, అలిగాడు, రెండు రోజులు తాగలేదు. మూడో రోజు తాగాడు. ఇప్పుడు ఒక చదును చెంచా డ్రింకింగ్ చాక్లెట్, అర చెంచా కోకో. అదీ సాయంత్రం ఒక్కసారే. పొద్దున్న ముందు ఇడ్లీయో, రొట్టెయో తినాలి. అమ్మమ్మ ఫోనులో "చోడి అంబలి పెట్టండే, మేమంతా దాంతోనే పెరిగాం" అంటుంది. వారానికి రెండు రోజులు అదీ చేస్తున్నాం. దాంట్లో కూడా బెల్లం తూచే వేస్తున్నాం. ఎందుకంటే బెల్లమూ తీపే. పల్లెది కాబట్టి బెల్లాన్ని వదిలేసి, పట్నానిది కాబట్టి డబ్బాను తిట్టడం న్యాయం కాదు. తమ్ముడు ఒక్కసారిగా బలశాలి ఏమీ అయిపోలేదు. పొద్దున్న ఆకలి వేస్తోందంటున్నాడు. అమ్మకు అది చాలు.

మిత్రులారా, ఈ సెలవుల్లో మీరూ ఈ పరీక్ష చేసి చూడండి. పొడి తూచండి, పేరు కనబడకుండా తాగండి, తర్వాత లేబుల్ చదవండి. బడిలోని షుగర్ బోర్డు మీద మన ఇళ్ళలో చెంచాకు ఎన్ని గ్రాముల చక్కెర పడుతోందో కూడా రాయమని మన ఉపాధ్యాయులను కోరుతున్నాం. రేపు మనలో ఎవరికి ఏ ఊరికి ఆర్డర్ వస్తుందో తెలియదు. వచ్చినప్పుడు డబ్బాను నిస్సంకోచంగా చేతిసంచిలో పెట్టుకుని వెళ్దాం. కానీ కొత్త క్వార్టర్‌లో అట్టపెట్టెలు విప్పేటప్పుడు ముందు అన్నం గిన్నె బయటకు తీయమని అమ్మకు చెబుదాం. మనమే తీసి పెడితే ఇంకా మంచిది.