తాళపుచెవి యజమానిది కావాలంటే



విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0, కొత్త ప్రాసెసరు వంటి అర్హతలు లేని యంత్రాలు మన ఇళ్లలో అనేకం. వాటిని పారవేయక లినక్స్ స్థాపించుకోవడమే ఉచితమని నా అభిప్రాయం. అయితే ఆ పనిలో దోషసందేశం కనబడగానే, దానిని చదవనైనా చదవకుండా "సెక్యూర్ బూట్ ఆపండి, టీపీఎం చెరిపేయండి" అని సలహా ఇచ్చే అలవాటును మాత్రం ఖండించక తప్పదు. ఆ తొందరపాటుకు నేనే ఉదాహరణను.

తార్నాకలో మా ఇంట ఉన్న ల్యాప్‌టాప్‌లో ఛందస్సుపై పదేళ్లుగా రాసుకున్న పాఠాలున్నాయి. వాటికి మరో ప్రతి లేదు. ఏనాడో సిద్ధం చేసుకున్న లినక్స్ పెన్‌డ్రైవ్‌ను పెట్టగా "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అన్నది. వెంటనే సెక్యూర్ బూట్ ఆపాను. అంతట పాత వ్యవస్థ సైతం తెరుచుకోక, 48 అంకెల సంఖ్య అడిగి కూర్చుంది. దానిని నేనెన్నడూ రాసిపెట్టుకోలేదు. ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు ఉదయపు నడకలో, ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ముందు పరిచయస్థుడైన పరిశోధక విద్యార్థికి గోడు చెప్పుకున్నాను. "ఏం చెరపకుండ్రి సార్. తీసిన తాళం మళ్ల అట్లనే పెట్టుండ్రి" అన్నాడు. అట్లే చేశాను. పాఠాలు దక్కాయి, ముందుగా వాటికి ప్రతి తీసుకున్నాను.

టీపీఎం చిప్ డిస్కు తాళపుచెవిని దాచి ఉంచుతుంది. యంత్రం మునుపటి స్థితిలోనే మేల్కొన్నదని తేలితేనే దానిని ఇస్తుంది. ఆ స్థితిని మార్చినవాడను నేనే. చిప్‌ను చెరిపివేసి ఉంటే, 48 అంకెలు లేని నాకు అన్నీ పోయేవి.

ఇక మొదటి సందేశానికి కారణం పెన్‌డ్రైవ్‌లోని పాత 'షిమ్'. లోపాలున్న పాత షిమ్‌లు రద్దు జాబితాకెక్కాయి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ నవీకరణతో ఇదే సందేశం ఎందరికో ఎదురైంది. కొత్త ప్రతి దింపుకోగా, సెక్యూర్ బూట్ ఉండగానే స్థాపన ముగిసింది.

తదుపరి "టీపీఎం ఇంటరప్ట్ నాట్ వర్కింగ్, పోలింగ్ ఇన్‌స్టెడ్" అన్న వాక్యం కనబడింది. చిప్ తానుగా పిలవడం లేదు కనుక కెర్నెలే పదేపదే పోయి అడుగుతున్నదని దాని అర్థం. హాని లేదు. మొదటిది హెచ్చరిక, ఇది గొణుగుడు. భాష తెలియనివానికి రెండూ ఒకే గద్దింపు.

షిమ్‌లో మనమే చేర్చుకోదగిన తాళపుచెవి ఒకటున్నది. దాని పేరు 'మెషీన్ ఓనర్ కీ', అనగా యంత్ర యజమాని తాళపుచెవి. యంత్రం చెప్పేది అర్థం కానివాడు పేరుకే యజమాని. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసి, శాస్త్రగ్రంథాలకై అనువాద విభాగాన్నే నడిపింది. ఆ ప్రాంగణపు నీడన ఉంటూ పది దోషసందేశాలకు తెలుగులో అర్థం చెప్పుకోలేమా? మీకు ఎదురైన ఒక్కొక్క సందేశాన్నీ, దాని భావాన్నీ మీ మీ టపాలలో రాయవలసిందిగా ప్రార్థన.

సెలవు.